సూపు మంచిగున్నప్పుడే కండ్లు సూపియ్యాలె

మా మేనమామ సిరిసిల్లల సాంచెల మీద పని చేసేటోడు. యాభై రెండేండ్ల మనిషి. పోగు తెగితే సప్పుడును బట్టే పసిగట్టి, వంగి కన్నుతోటి ఎతికి పట్టుకునేటోడు. షుగర్ వచ్చి పదకొండేండ్లు. నెలనెలా సర్కారు గోలీలు తెచ్చుకునుడు, పొద్దుగాల ఒకటి, రాత్రి ఒకటి ఏసుకునుడు. అన్నం తగ్గించి జొన్నరొట్టె తినుడు. ఎవరన్న అడిగితే "నా షుగర్ కంట్రోల్లనే ఉన్నది" అని జర గర్వంగనే చెప్పేటోడు.

ఒకనాడు సాంచ కాడ నిలవడ్డప్పుడు కుడికంట్ల నూలు దుమ్ము పడ్డది. ఆ కన్ను మూసి నలుసుకుంటుంటే అప్పుడు తెలిసింది ఆయనకు, ఎడమకంటికి ముంగటున్న సాంచ కనిపిస్తలేదని. ట్యూబ్‌లైట్ వెలుగు ఒక్కటే తెలుస్తున్నది, దాని మీద మబ్బు పట్టినట్టు నల్లగ ఏదో ఊగుతున్నది. ఆ కంటి సూపు ఎన్నడు పోయింది? నిన్ననా, నెల కిందనా, ఆరు నెల్ల కిందనా? ఆయనకే తెల్వదు. కుడికన్ను మంచిగుండె కాబట్టి రెండు కండ్లూ మంచిగున్నయే అనుకున్నడు.

దవాఖానల డాక్టరమ్మ చూసి చెప్పింది. ఎడమకంట్ల లోపల నెత్తురు కారిందట. కుడికన్ను గూడ అదే తొవ్వల ఉన్నది గానీ దాన్ని ఇంకా కాపాడొచ్చట. బయట బెంచి మీద కూసోని మామ నన్ను ఒక్కటే మాట అడిగిండు. "నొప్పి లేకపాయె గదా అల్లుడా. జర నొప్పి లేస్తే అప్పుడే పోకపోదునా?"

ఈ పదకొండేండ్లల్ల మామ మూడుసార్లు అద్దాలు మార్చిండు. మూడుసార్లు గోడకున్న అక్షరాలు చదివిండు. గానీ ఒక్కసారన్న ఆయన కంటి లోపలికి ఎవరూ తొంగి చూడలే. ఆయన అడగలే, గోలీలు ఇచ్చేటోళ్లు చెప్పలే. మీటింగుల్ల మైకు పట్టుకొని ఆరోగ్య హక్కు గురించి గంటలు మాట్లాడేటోన్ని, నేనూ అడగలే. అందుకే ఈ రాత. ఇది చదివే తమ్ముళ్లు, చెల్లెండ్లల్ల చాన మంది ఇంట్ల అమ్మకో, నాయినకో, తాతకో షుగర్ ఉండే ఉంటది. 2023ల బయటికి వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంల 10.1 కోట్ల మందికి షుగర్ ఉన్నది. ఇది పట్నపోళ్ల బీమారి, కూసోని తినేటోళ్ల బీమారి అనే మాట ఇయ్యాల చెల్లదు. కూలికి పోయేటోళ్ల ఇండ్లల్ల గూడ ఫ్రిజ్జుల ఇన్సులిన్ సీసా ఉంటున్నది.

మామ అడిగిన దానికి జవాబు కంటి లోపలనే ఉన్నది.

కంటి వెనుక గోడకు లోపలి నుంచి ఒక పల్చటి పొర అతుక్కొని ఉంటది. దాన్ని రెటీనా అంటరు. ఎన్కటి కెమెరాల రీలు ఉంటుండె చూడు, అసొంటి పని దానిది. ముంగటి నుంచి వచ్చిన వెలుగు దాని మీద పడ్డంకనే మనకు బొమ్మ కనపడ్తది. ఆ పొరకు నెత్తురు అందించే నాళాలు వెంట్రుక కంటె సన్నగ ఉంటయి. నెత్తుర్ల చక్కెర ఏండ్ల తరబడి ఎక్కువుంటే అన్నిటికంటె ముందు దెబ్బ తినేవి గీ సన్నటి నాళాలే. కిడ్నీలల్ల గూడ గిదే కథ, కాళ్ల తిమ్మిర్లల్ల గూడ సగం గిదే కథ.

పత్తి చేన్ల డ్రిప్పు పైపు ఎట్ల పాడైతదో యాది చేసుకో. మొదలు పైపు అక్కడక్కడ మెత్తబడి ఉబ్బుతది. కంట్ల గూడ నాళాల గోడలు బలహీనమై చిన్న చిన్న బుడిపెలు లేస్తయి. తర్వాత అవి కారుడు మొదలైతది. నెత్తురు చుక్కలు పడ్తయి, నీరు ఊరుతది, పైపు అతుకు కాడ ఉప్పు పేరుకున్నట్టు పసుపుపచ్చ కొవ్వు పేరుకుంటది. ఇంకొన్ని నాళాలు మొత్తమే మూసుకపోతయి. నీళ్లందని సాలు ఎండినట్టు రెటీనాల ఆ ముక్కకు ఊపిరి అందదు. అప్పుడు కన్ను ఒక తప్పు పని చేస్తది. నెత్తురు సాల్తలేదని కొత్త నాళాలను పుట్టిస్తది. అవి మంచివి కావు. బలం లేని పిలకల లెక్క పుట్టి, చిన్న కారణానికే తెగి కంటి నడిమిట్ల నెత్తురు నింపుతయి. వాటి ఎంబడి లేచే మచ్చలు గుంజితే రెటీనా గోడ నుంచి ఊడి గూడ వస్తది. మా మామ ఎడమకంట్ల పగిలింది గా పిలకలే. డాక్టర్లు ఈ మొత్తం బీమారిని డయాబెటిక్ రెటినోపతి అంటరు.

ఇగ నొప్పి సంగతి. రెటీనాకు నొప్పి తెలిపే నరాలే ఉండయి. కంట్ల ఇసుక రేణువు పడితే ఎగిరి గంతేస్తం, అది ముంగటి పొర కాబట్టి. ఎనుక పొరల నెత్తురు కారినా, వాపొచ్చినా కన్నుకు మంట లేదు, ఎరుపు లేదు, నీళ్లు కారుడు లేదు.

మరి సూపన్న తగ్గాలె గదా అంటవు. అక్కడే ఉన్నది అసలు మోసం. రెటీనా నడుమ ఆవగింజ కంటె జర పెద్దగుండే చుక్క ఒకటి ఉంటది, మాక్యులా అని. అక్షరం చదివేది, మొఖం గుర్తుపట్టేది, సూదిల దారం ఎక్కించేది అంతా దానితోనే. చుట్టుపక్కల ఎంత పాడైనా ఆ చుక్క ఒక్కటి మంచిగుంటే మనిషి కింది వరుస దాక అక్షరాలు టకటక చదువుతడు. "సిక్స్ బై సిక్స్ ఉన్నది, ఫికర్ లేదు" అంటరు. ఆ మాట అబద్ధం కాదు, అక్షరాల వరకు నిజమే. గానీ అదే దినం ఆ కంటి ఎనుక నెత్తురు చుక్కలు ఉండొచ్చు, రేపు పగిలే పిలకలు ఉండొచ్చు. దీనికి ఉల్టాగ, ఆ చుక్క మీదనే నీరు ఊరితే బీమారి మిగతా చోట్ల తక్కువున్నా సూపు మసకైతది. అంటే సూపును బట్టి బీమారి ఎంత ముదిరిందో చెప్పలేం.

మన దేశంల షుగర్ ఉన్న నలభై ఏండ్లు దాటినోళ్ల కండ్లు పరీక్ష చేసి 2022ల ఒక పెద్ద అధ్యయనం అచ్చేసిన్రు. అందుల నూటికి పన్నెండు మందికి పైనే, అంటే ఎనిమిది మందిల ఒకరికి, ఈ బీమారి ఏదో ఒక దశల ఉన్నది. నూటికి నలుగురికి సూపు తీసే దాక ముదిరింది. మన వాడల షుగరున్నోళ్లను ఎనిమిదెనిమిది మందిగ లెక్కపెట్టుకో, సంగతి సమజైతది.

అద్దాల గురించి జర ఎక్కువ చెప్పాలె, ఎందుకంటే మా మామ మునిగింది ఆడనే.

నెత్తుర్ల చక్కెర పెరిగితే కంటి ముంగటుండే లెన్సు, అదే మన సొంత భూతద్దం, నీళ్లు పట్టి ఉబ్బుతది. తగ్గితే మళ్ల సల్లవడ్తది. అందుకే షుగర్ పైకీ కిందికీ ఊగేటోళ్లకు ఒకనాడు మసక, ఒకనాడు సాఫు. అసొంటప్పుడు దుకాణానికి పోయి అద్దాలు చేయిస్తే అవి నెలకే పనికిరాకుండ పోతయి. కొత్తగ గోలీలు, ఇన్సులిన్ మొదలు పెట్టినోళ్లు కొన్ని వారాలు ఆగి, చక్కెర ఒక తీరుకు వచ్చినంకనే అద్దాల నంబరు తీపిచ్చుకోవాలె. ఇంకో ముచ్చట. యాభై దాటిన మనిషి "నాకిప్పుడు అద్దాలు లేకుంటనే పేపరు కనపడ్తున్నది, కండ్లు బాగైనయి" అంటే సంబురపడకున్రి. లెన్సు ఉబ్బినా, మోతిబిందు మొదలైనా దగ్గరి సూపు కొన్ని రోజులు గట్ల బాగైనట్టు అనిపిస్తది. మోతిబిందు గూడ షుగరున్నోళ్లకు పదేండ్ల ముందే రావొచ్చు.

మసక వచ్చిన ప్రతిసారి మన ఊర్లల్ల మూడే మాటలు. చత్వారం అంటరు, మోతిబిందు అంటరు, లేకుంటే ఫోన్ ఎక్కువ చూసుడు అంటరు. ఈ మూడింట్ల ఏదైనా కావొచ్చు. గానీ షుగర్ ఉన్న మనిషికి ఎనుక పొర చూడకుండ ఆ మాట అనే హక్కు అద్దాల దుకాణపోనికి లేదు, నీకు లేదు, నాకు లేదు.

కంటి వెలుగు గూడ యాదికొస్తది ఇక్కడ. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌ల మొదలైంది, రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంల. ఆంధ్రల గూడ అదే పేరుతోటి 2019 అక్టోబర్‌ల అనంతపురంల మొదలుపెట్టిన్రు. ఊరూరికి వచ్చి ముసలోళ్లకు అద్దాలు ఇచ్చుడు చిన్న పని కాదు, దాన్ని తీసిపారేసేటోన్ని కాదు నేను. మా అవ్వ ఆ అద్దాలతోటే బియ్యంల రాళ్లు ఏరింది. గానీ ఆ శిబిరాల ముఖ్యమైన పని అద్దాలు. "కంటి వెలుగుల సూపిచ్చుకున్న, అంతా మంచిగనే ఉందన్నరు" అని షుగరున్న మనిషి ఊకుంటే అది వేరే పరీక్షకు పాసై, ఇంకో పరీక్ష రాసిన అనుకునుడే.

అసలు పరీక్ష ఏందంటే, కంట్ల మందు చుక్కలు ఏస్తరు. ఇరవై నిమిషాలో, అరగంటనో కండ్లు మూసుకొని కూసోవాలె. కనుపాప నడుమ ఉండే నల్ల కిటికీ పెద్దగైతది. అప్పుడు డాక్టర్ లైటు ఏసి, భూతద్దం అడ్డం పెట్టి ఎనుక పొర మొత్తం చూస్తరు. లేకుంటే కెమెరాతోటి ఎనుక పొర ఫోటో తీస్తరు, కొన్ని కెమెరాలకు చుక్కలు గూడ అక్కర లేదు. మాక్యులాల నీరు ఉన్నదేమో అని అనుమానం వస్తే ఓసీటీ అనే స్కానింగ్ తీస్తరు. సూది లేదు, కోత లేదు. తక్లీఫ్ ఒక్కటే, చుక్కలు ఏసినంక నాలుగైదు గంటలు దగ్గరిది మసకగ ఉంటది, ఎండ కండ్లల్ల గుచ్చుతది. అందుకని ఆ మనిషి బండి నడపొద్దు. ఇక్కడ నీ పని మొదలైతది తమ్మీ. నాయినను బండి మీద ఎక్కించుకొని పో, ఒక దినం కూలి పోతే పోనీ. పోయినంక అడగాల్సిన మాట "అద్దాల నంబరు చూడున్రి" అని కాదు, "షుగర్ ఉన్నది సారు, చుక్కలేసి కంటి ఎనుక పొర చూడున్రి" అని.

ఎప్పుడు చెయ్యాలె? మన దిక్కు ఎక్కువ మందికి ఉండేది పెద్దయినంక వచ్చే షుగర్, టైప్ టూ. దానికి షుగర్ ఉన్నదని తెలిసిన నెలనే మొదటి పరీక్ష. "నిన్ననే తెలిసింది గదా, అప్పుడే కండ్లకేమైతది" అనొద్దు. నిన్న తెలిసింది నీకు, నెత్తుర్లకు వచ్చి ఎన్నేండ్లాయెనో ఎవరికెర్క? బ్రిటన్‌ల యూకేపీడీఎస్ అనే పెద్ద అధ్యయనంల షుగర్ కొత్తగ బయటపడ్డోళ్ల కండ్లు చూస్తే మూడింట ఒకవంతు కంటె ఎక్కువ మందికి అప్పటికే రెటీనాల మార్పులు కనపడ్డయి. ఆ తర్వాత ఏడాదికోసారి. బీమారి కనపడితే మాత్రం డాక్టర్ చెప్పిన లెక్క, మూడు నెలలకా, ఆరు నెలలకా అనేది వాళ్లే చెప్తరు. చిన్నతనంల వచ్చి ఇన్సులిన్ మీదనే ఉండే పిల్లలకు, అంటే టైప్ వన్‌కు, షుగర్ వచ్చిన ఐదేండ్ల లోపల మొదలుపెట్టి ఏటా చేయించాలె.

షుగర్ ముందే ఉన్న ఆడబిడ్డ కడుపుతోటి ఉంటే మొదటి మూడు నెలల్లనే కండ్లు సూపియ్యాలె. గర్భంతోని ఉన్నప్పుడు ఈ బీమారి జోరుగ ముదురొచ్చు. కాన్పు దాక స్కానింగుల మీద స్కానింగులు తీయిస్తం గానీ ఈ ఒక్కటి ఎవరికీ యాదికుండదు. గర్భంల ఉన్నప్పుడే కొత్తగ వచ్చే షుగర్‌కు మాత్రం ఈ లెక్క లేదు. ఆమెకు కాన్పు అయినంక షుగర్ పరీక్ష మళ్ల చేయించుడు ముఖ్యం.

ఇంట్ల చూసుకునే పరీక్ష ఒకటి చెప్తా, గానీ ముందే షరతు. ఇది దవాఖాన పరీక్షకు బదులు కాదు. ఇది ముదిరినదాన్ని పట్టిస్తది, మొదట్ల ఉన్నదాన్ని పట్టియ్యదు. గోడకు క్యాలెండర్ ఉంటది గదా. ఎప్పుడూ ఒక్క చోటనే నిలవడి, అద్దాలు పెట్టుకునేటోళ్లయితే పెట్టుకొని, అరచెయ్యితోటి ఒక కన్ను నొక్కకుండ మూసి, రెండో కంటితోటి తారీఖులు చూడాలె. తర్వాత కన్ను మార్చాలె. రెండు కండ్లు తెరిచి చూసుడు దండుగ, మంచి కన్ను చెడ్డ కన్ను తప్పును దాచిపెడ్తది, మా మామకు అయింది గదే. తలుపు చౌకట్టు, కరెంటు తీగ, పలకల గీతలు వంకరపోయినట్టు కనపడితే మాక్యులాల తేడా ఉన్నట్టు. నడుమ మసక చుక్క ఉన్నా, రంగులు ఎలిసిపోయినట్టు అనిపించినా, రాత్రి బండి మీద పోయేటప్పుడు ఇదివరకటి కంటె తక్లీఫ్ అయినా వారంల కండ్ల డాక్టర్ దగ్గరికి పోవాలె.

అదే దినం పోవాల్సినవి వేరే ఉన్నయి. ఉన్నట్టుండి కంటి ముంగట సాలెపురుగు గూడు లెక్క నల్ల పోగులు ఊగుడు, మసి చల్లినట్టు చుక్కలు లేచుడు, మెరుపులు మెరిసినట్టుండుడు, ఒక పక్క నుంచి పరదా ఏసినట్టు కమ్ముకొచ్చుడు, ఒక కన్ను ఒక్కసారే మసకబారుడు. వీటిల ఏది వచ్చినా పొద్దుగాల పోదాం అనొద్దు. పసరు పోసుడు, తేనె ఏసుడు, మెడికల్ షాపుల చుక్కల సీసా కొనుక్కొచ్చుడు వద్దు. అవి కంటి ముంగటి భాగం దాటి పోవు, బీమారి ఎనుక ఉన్నది. పైగ వాటితోటి ముంగట గూడ పుండు లేస్తది.

"లేజర్ కొట్టిస్తే ఉన్న సూపు గూడ పోతదట" అనేది ఊర్లల్ల బాగ తిరిగే మాట. ఇది ఎక్కడ పుట్టిందో నాకు ఎర్కే. ఆఖరు దశల పోయి లేజర్ పెట్టించుకుంటరు, అప్పటికే నెత్తురు నిండి ఉంటది, తర్వాత నెలకు సూపు పోతది. పోగొట్టింది బీమారి, బద్నాం అయింది లేజర్. లేజర్ పోయిన సూపును తెచ్చియ్యదు, ఉన్నదాన్ని నిలబెడ్తది. నెత్తురందని పొర అంచుల మీద చిన్న చిన్న కాల్పులు పెడితే పిచ్చి పిలకలు ఎండుతయి. దానివల్ల పక్కసూపు, రాత్రి సూపు జర తగ్గొచ్చు, ఆ మాట దాచొద్దు. గానీ నడుమ సూపు మిగుల్తది. 1970లల్ల అమెరికాల పరీక్షించి చూస్తేనే, లేజర్ పెట్టిన కండ్లల్ల సూపు ఘోరంగ పోవుడు సగానికి పైగ తగ్గింది. మాక్యులాల నీరు ఊరినోళ్లకు ఇప్పుడు కంట్లకు ఇచ్చే ఇంజక్షన్లు ఉన్నయి, అవి కొంతమందికి పోయిన సూపును గూడ కొంత తిరిగి తెస్తయి. కంట్ల సూది అంటే ఒళ్లు జల్లుమంటది, నాకు గూడ. మొద్దుబారే చుక్కలు ఏసి ఇస్తరు, నిమిషం పని. గానీ ఒక్కటితోటి అయిపోదు, మొదట్ల నెలకోటి లెక్కన కొన్ని పడ్తయి. ఈ మందుల్ల ధరల తేడా చాన ఉంటది, బెవాసిజుమాబ్ అనేది మిగతావాటి కంటె బాగ సస్త. "తక్కువ ఖర్చుల ఏమున్నది సారు" అని అడుగుడు నామోషీ కాదు. ఆరోగ్యశ్రీ కార్డు ఎంబడి తీసుకపోయి, ఏది వర్తిస్తదో దవాఖానల ఉండే ఆరోగ్యమిత్రను ముందే అడగాలె. నెత్తురు నిండి, పొర ఊడిన దాక వస్తే ఆపరేషనే, అప్పుడు ఖర్చు ఎక్కువ, మిగిలే సూపు తక్కువ.

కండ్ల డాక్టర్ చేసేది సగమే. మిగతా సగం షుగర్, బీపీ. అమెరికాల, కెనడాల టైప్ వన్ వాళ్ల మీద చేసి 1993ల అచ్చేసిన అధ్యయనంల, చక్కెరను గట్టిగ అదుపుల పెట్టినోళ్లకు ఈ కంటి బీమారి కొత్తగ వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. బ్రిటన్‌ అధ్యయనంల 1998ల తేలిందేందంటే, టైప్ టూ వాళ్లల్ల బీపీని గట్టిగ పట్టుకుంటే రెటీనా ముదురుడు 34 శాతం తగ్గింది. షుగర్ గోలీ ఏసుకొని బీపీ గోలీ మానేసేటోళ్లు మన దిక్కు బొచ్చెడు మంది. మా మామ చెప్పిన "కంట్రోల్" పొద్దుగాల పరిగడుపున వేలు గుచ్చి చూసిన నంబరు. మూడు నెల్ల సగటు చెప్పే హెచ్‌బీఏవన్‌సీ పరీక్ష ఆయనకు చేసింది కన్ను పోయినంకనే. అది తొమ్మిది దాటి ఉండె. డాక్టర్ దగ్గరికి పోయే ముందు దినం రాత్రి అన్నం మానేసి నంబరు తగ్గించుకునే తెలివి గూడ ఉన్నది మనకు. సగటు పరీక్ష కాడ ఆ తెలివి నడవదు. పొగాకు ఆపుడు గురించి వేరే చెప్పక్కర లేదనుకుంటా.

ఇగ నా అసలు కొట్లాట. సర్కారు చేస్తున్నది లేదని కాదు. ముప్పై దాటినోళ్లకు ఆశ అక్కలు, ఏఎన్ఎంలు ఇంటికొచ్చి బీపీ, షుగర్ చూస్తున్నరు. గోలీలు ఫుకట్‌ల ఇస్తున్నరు. గానీ మా మండలంల నేను చూసిన పది పన్నెండు షుగర్ పుస్తకాలల్ల తారీఖు ఉన్నది, నంబరు ఉన్నది, గోలీల లెక్క ఉన్నది. కండ్లు ఎప్పుడు చూసిన్రు, కాళ్లు ఎప్పుడు చూసిన్రు అని రాసుకునే జాగ ఒక్క దాంట్ల గూడ నింపి లేదు. నెలకోసారి మనిషి నీ ముంగటికి వస్తున్నడు, పదకొండేండ్లు వచ్చిండు, నూట ముప్పై సార్లు. ఒక్కసారి "కండ్లు సూపిచ్చుకున్నవా?" అని అడిగి చీటి రాసిస్తే మా మామ కన్ను దక్కేది. ఇందుల ఆశ అక్కల తప్పు ఏం లేదు, వాళ్ల నెత్తి మీద ఇప్పటికే బండెడు పని. అడగమని చెప్పినోడు లేడు, అడిగితే పంపడానికి దగ్గర్ల జాగ లేదు.

ఇది కాని పని కాదు. ఇంగ్లండ్‌ల 2003 నుంచి పన్నెండేండ్లు దాటిన ప్రతి షుగర్ మనిషికి సర్కారే ఉత్తరం రాసి పిలిచి, కంటి ఎనుక పొర ఫోటో తీస్తున్నది. అంతకు ముందు యాభై ఏండ్ల సంది ఇంగ్లండ్, వేల్స్‌ల పని చేసే వయసోళ్లల్ల గుడ్డితనానికి మొదటి కారణం షుగరే. 2014ల అచ్చయిన లెక్కల్ల అది మొదటి జాగ నుంచి కిందికి దిగింది. పిలిచి ఫోటో తీసుడు, తప్పున్నోళ్లను ఎంబడే పంపుడు, ఇది అందుల ఒక ముఖ్యమైన కారణం అని రాసినోళ్లే చెప్పిన్రు.

మనకు ఫోటో తీసే యంత్రాలు లేవా అంటే, బెంగళూరులనే ఫోన్‌కు తగిలించి తీసే కెమెరాలు తయారైతున్నయి. ఫోటోను చూసి బీమారి ఉన్నదా లేదా చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాంను గూగుల్ వాళ్లు 2016ల బయటపెట్టినప్పుడు, దానికి నేర్పిన ఫోటోలల్ల మన అరవింద్, శంకర నేత్రాలయ దవాఖానల ఫోటోలు ఉన్నయి. అంటే మన షుగర్ మనుషుల కండ్లు చూసి కంప్యూటర్ నేర్చుకున్నది, ఆ మనుషుల ఊర్లకు మాత్రం కెమెరా రాలే. ఒక్కో పీహెచ్‌సీకి కంటి డాక్టర్‌ను తెమ్మంటలేం. నెలకు ఒక దినం, గోలీలు ఇచ్చే దినమే, ఒక కెమెరా, ఒక టెక్నీషియన్. ఫోటో జిల్లా దవాఖానకు పోతే సాలు, తప్పున్నోళ్లకే కబురు వస్తది. గ్రామసభల ఈ ముచ్చట లేవట్టున్రి. రోడ్డు, మోరీ అడిగినట్టే ఇది గూడ అడగొచ్చు.

కెమెరా వచ్చేదాక ఆగకున్రి. జిల్లా దవాఖానల కంటి విభాగం ఉంటది. పెద్దదానికి హైదరాబాద్ మెహదీపట్నంల సరోజినీదేవి కంటి దవాఖాన, వరంగల్‌ల ప్రాంతీయ కంటి దవాఖాన సర్కారువే. విశాఖల గూడ సర్కారు ప్రాంతీయ కంటి దవాఖాన ఉన్నది. 1987ల హైదరాబాద్‌ల మొదలైన ఎల్వీ ప్రసాద్ సంస్థకు రెండు రాష్ట్రాల పల్లెలల్ల చిన్న విజన్ సెంటర్లు ఉన్నయి, అక్కడ మొదలు చూసి పైకి పంపుతరు. పోయేటప్పుడు షుగర్ పుస్తకం, ఏసుకునే గోలీల అట్టలు, పాత అద్దాలు, ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు ఒక సంచిల పెట్టుకోవాలె. నల్లద్దాలు లేకుంటే తలకు తువ్వాల సాలు.

మామకు కుడికంటికి లేజర్ మూడు విడతలల్ల పెట్టిన్రు. అది నిలబడ్డది. ఎడమకంటికి ఆపరేషన్ చేసిన్రు, చెయ్యి ఊపితే తెలుస్తది, గంతే. సాంచెల పని బందయింది. మొదటి విడత లేజర్ దినం ఆయన్ని తీసుకపోయింది మా బామ్మర్ది, ఆయన కొడుకు. ముప్పై ఒక్క ఏండ్లు, ఆటో నడుపుతడు, మనిషి సన్నగనే ఉంటడు. నాయినను లోపలికి తోలినంక ఖాళీగ కూసున్నడని అక్కడి నర్సమ్మ "ఇంట్ల షుగర్ ఉన్నోళ్లు మీరు గూడ చూపిచ్చుకోవాలె బాబు" అని వేలు గుచ్చింది. రెండు వందల ముప్పై వచ్చింది. నవ్విండట వీడు, మిషన్ పాడైంది అని. మళ్ల గుచ్చితే గూడ అంతే. ఆ తర్వాత చేసిన సగటు పరీక్షల షుగరే అని తేలింది. అదే వారం చుక్కలు ఏయించుకొని, నాయిన కూసున్న కుర్చీలనే కూసోని, గడ్డం అదే మిషన్ మీద ఆనిచ్చి ఫోటో తీపిచ్చుకున్నడు. రెండు కండ్లు సాఫుగ ఉన్నయి. వచ్చే ఏడాది ఏ నెలల రావాలెనో చీటి మీద రాసిచ్చిన్రు. ఆ చీటిని వాడు ఆటో అద్దానికి, లైసెన్సు పక్కన అతికిచ్చుకున్నడు.